గంప ముందు, మనిషి తర్వాత

మా అప్ప పోయి ఏడు నెలలైంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఈ ఏడు నెలల్లో నేను అరవని మనిషి లేడు. పెళ్ళాం మీద అరిచాను, పాలవాడి మీద అరిచాను, స్టేషన్లో టీ చల్లగా ఇచ్చాడని ఓ ముసలాయన మీద కూడా అరిచాను. నాకు మొదట్నుంచీ ముక్కు మీద కోపం. కానీ ఈ అరుపులన్నీ ఎవరి మీద అరవాల్సినవో నాకు తెలుసు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బండి గురించి చెప్పాలి.

నేను రైలు గార్డుని. ఇప్పుడు కాగితాల మీద పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. అనుకోనీ, మా లైన్లో నేనింకా గార్డుబాబునే. నౌపడ దగ్గర పెద్ద లైనుని విడిచిపెట్టి, టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోకి వెళ్ళే బ్రాంచి లైను మాది. దాని మొదట్లోనే ఉప్పు మడుల పక్కన ఓ చిన్న హాల్టు ఉంది. ప్లాట్‌ఫారం అంటే ఓ మట్టి దిబ్బ, మీద నాలుగు పలకలు, ఓ రేకుల షెడ్డు. ఆ హాల్టు మా ఊరివాళ్ళ కోసమే. మా ఊరు అక్కడికి రెండు మైళ్ళు, సముద్రం ఒడ్డున. మేం వేటకెళ్ళే కుటుంబాలవాళ్ళం.

మా అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్ళు, అప్పకి పదహారు. దినకార్యం అయిన మర్నాడే అప్ప అమ్మ గంప నెత్తికెత్తుకుంది. పొద్దున్నే బోట్లు ఒడ్డుకి రాగానే చేపలు వేలం పాడి, గంపల్లో సర్ది, హాల్టుకి నడిచి, పాసింజరెక్కి పాతపట్నం వెళ్ళేది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, ఏ కాలానికి ఏవి పడితే అవి. కొండ పక్క ఊళ్ళకి సముద్రపు చేప అంటే ఎక్కడలేని ప్రీతి. అప్ప వీధిలో కేక వేస్తే గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. నన్ను చదివించింది ఆ కేకే. పెళ్ళి చేసుకుంది గానీ, బావ పెద్ద బోట్ల మీద పనికని తమిళదేశం వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. పిల్లల్లేరు. నన్నే పిల్లాడనుకుంది.

చేపలావిడలు రైలెక్కే పద్ధతి ఒకటుంది. గంప ముందెక్కాలి, మనిషి తర్వాత ఎక్కాలి. ఇద్దరు ఆడవాళ్ళు పైకెక్కి తలుపు దగ్గర నిలబడతారు. కింద ఉన్నవాళ్ళు గంపలు అందిస్తారు. ఆఖర్న మిగిలేది అందరికంటే పెద్దది. అందరి గంపలూ ఎక్కాయని చూసుకుని, వెనక గార్డు పెట్టె వైపు తిరిగి చెయ్యెత్తుతుంది. అప్పుడు గార్డు పచ్చజెండా ఊపుతాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని ఒక్క ఊపులో పైకెక్కుతుంది. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. చిన్న పట్టాల మీద పొగబండి నడిచిన రోజుల్నుంచీ ఈ లైన్లో పనిచేసిన ప్రతి గార్డుకీ తెలుసు.

ఎందుకిలా అని చిన్నప్పుడు అప్పనడిగాను. "మనిషి బండెక్కలేక దిగబడిపోతే సాయంత్రం బండికైనా వస్తాదిరా. సేప సాయంత్రందాకా ఉంటాదేటి?" అంది. అంతే లెక్క. ముందు సరుకు బతకాలి.

గార్డుద్యోగం వచ్చి, తిరిగి తిరిగి ఈ లైనుకి వేయించుకున్నాక, ఆ చెయ్యి నా వైపే ఎత్తేది మా అప్ప. పెద్దది ఆవిడే కదా మరి! చెయ్యెత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వేది. "గార్డుబాబూ, రైట్!" అని అరిచేది. ఆవిడతో వచ్చే మిగతా ముగ్గురు చేపలావిడలూ తలుపులోంచి తలలు బయటపెట్టి పకపకా నవ్వేవారు. నేను మొహం గంటు పెట్టుకుని జెండా ఊపేవాణ్ణి. లోపల సంతోషమే. కానీ డ్రైవరో, ఇంకెవరో పక్కనుంటే మాత్రం అది మా అప్ప అని చెప్పేవాణ్ణి కాదు. హైస్కూల్లో నన్ను చేపలబుట్ట అని పిలిచేవారు. ఆ పిలుపు వదిలించుకోడానికి ఎంత సబ్బు అరిగిందో నాకే తెలుసు. యాభయ్యేళ్ళు దగ్గర పడుతున్నా ఆ సిగ్గు పోలేదు నాకు. ఛీ, చెప్పుకోడానికే రోతగా ఉంది.

అలాంటి రోజుల్లో మా లైనుకి కొత్త బండి వేస్తున్నారన్నారు. ఒకటి కాదు, బ్రాంచి లైన్లకని ఓ వరసే తయారవుతోందన్నారు. ఇంజను వేరు, పెట్టెలు వేరు అని లేదు. మొత్తం బండంతా ఒకటే. పైన తీగ ఉంటే కరెంటు మీద నడుస్తుంది. తీగ తెగితే డీజిల్ మీద నడుస్తుంది. అదీ కాకపోతే కాసేపు బ్యాటరీ మీద లాగుతుంది. మా జిల్లావాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. గాలివాన వచ్చిందంటే చాలు, స్తంభాలన్నీ వరిచేలల్లో పడుకుంటాయి. ఓ తుఫానుకి లైను బాగయ్యేదాకా రోజుల తరబడి బళ్ళు లేక, అప్ప చేపల్ని ఇసకలో పాతిపెట్టడం నేను చూశాను. అందుకని ఆ బండి మీద నాకు మొదట్నుంచీ ఇష్టమే. మూడు వారాలు ట్రైనింగుకి పంపితే బడికెళ్ళే పిల్లాడిలా నోట్సు రాసుకుని మరీ నేర్చుకున్నాను.

తిరిగొచ్చిన రోజు నేరుగా అప్ప ఇంటికే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని, నెత్తిన గంప కింద పెట్టుకునే చుట్టకుదురుకి పాతగుడ్డ చుడుతోంది. బండి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"కరెంటు పోతే ఏటవుతాది?" అంది.

"ఆగదప్పా. డీజిల్ మీద నడుస్తాది."

"అదీ అయిపోతే?"

"బ్యాటరీ ఉన్నాది."

"ఓలమ్మో! అయితే మీ బావ కంటె నయమే. ఎలాగోలా ఇంటికొస్తాది." అని తన మాటకి తనే నవ్వి, అడిగింది. "ఒరే, గంపకి సోటున్నాదా?"

ఉందో లేదో నేను చూడనే లేదు. సీట్లు చూశాను, తెరలు చూశాను, కెమెరాలు చూశాను. గంపల సంగతి నా బుర్రకే తట్టలేదు. "ఎందుకుండదు, ఉన్నాదిలే," అన్నాను విసుగ్గా.

ఇంకో సంగతి కూడా చెప్పాల్సింది. ఆ బండికి తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. మీట నా దగ్గరుంటుంది. హాల్టులో ఆగేది అరనిమిషం. కదిలే బండిని పట్టుకోడానికి బయట కడ్డీ ఉండదు. గంప ముందు, మనిషి తర్వాత అనే పద్ధతి ఈ బండికి పనికిరాదు, అందరూ గంపలతో సహా ఒకేసారి ఎక్కెయ్యాలి అని నాలుగు ముక్కలు చెప్తే సరిపోయేది. ట్రైనింగులో ఆ తలుపుల పాఠం నాకే అందరికంటే బాగా వచ్చింది. చెప్పలేదు. మర్చిపోయానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మర్చిపోలేదు. అసలు ఆ కొత్త బండిలో చేపలెందుకు అని నాలో ఓ మూల అనిపించేది. తలుపుల సంగతెత్తితే ఆ మాట బయటికొస్తుందని భయపడ్డాను.

కొత్త బండి నడిచిన మొదటి రోజు పెద్దాఫీసరొకాయన వచ్చారు. వెనక క్యాబిన్లో నా పక్కనే కుర్చీ వేసుక్కూచున్నారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాలో నేను బిర్రబిగుసుకుని ఉన్నాను. ఉప్పు మడుల హాల్టు వచ్చింది. జెండా లేదు, కిటికీలోంచి తల బయటపెట్టడం లేదు. ఎదురుగా తెర, అందులో ప్లాట్‌ఫారం. ఆ తెరలో మా అప్ప ఓ వేలంత మనిషి. ముగ్గురూ పైకెక్కేశారు. అప్ప కింద నిలబడి గంపలు అందిస్తోంది. ఒకటి, రెండు. ఆవిడవే ఆఖరి రెండూ.

టైము అయిపోయిందని గంట మోగింది. ఆఫీసరుగారు వాచీ చూసుకున్నారు. నేను మీట నొక్కాను.

తలుపులు మూసుకున్నాయి. ఆఖరి గంప అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. అప్ప చెయ్యి అలవాటు చొప్పున కడ్డీ కోసం వెతికింది. నున్నటి రేకు తప్ప ఏమీ లేదు. అరచేత్తో తలుపు మీద రెండుసార్లు తట్టింది. తెరలో చప్పుడు వినపడదు. మళ్ళీ మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. అది నాకు తెలుసు. మొదటి రోజే ఆలస్యం అని రికార్డులో పడుతుందని కూడా తెలుసు. నా వేలు మీట మీదే ఉంది. డ్రైవరుకి సైగ ఇచ్చేశాను. బండి కదిలింది.

మా క్యాబిన్ ఆవిడ ముందునుంచి వెళ్తున్నప్పుడు అద్దంలోంచి చూశాను. ఉట్టి చేతులతో, తడిసిన చీరతో ఒక్కతే నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. రైట్, వెళ్ళిపో అన్నట్టే ఎత్తింది, రోజూలాగే. ఆవిడ సరుకు వెళ్తోంది కదా, తమ్ముడి బండిలోనే కదా వెళ్తోంది, ఇంక భయమేముంది అనుకుందేమో మరి.

టెక్కలి ఇంకా రాకముందే ప్రయాణికులు గోల మొదలెట్టారు. తలుపులన్నీ బిగిసిపోయి, చల్లటి గాలి లోపలే తిరిగే పెట్టెలో చేపల వాసన ఎక్కడికి పోతుంది? టెక్కలిలో బండాగగానే ఆఫీసరుగారు, ఆయన వెనకాల నేను, ఆ పెట్టెలోకి వెళ్ళాం. గంపల చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళూ గోడకి అతుక్కుని నిలబడి ఉన్నారు. గంపల్లోంచి కారిన నీళ్ళు కొత్త నేల మీద పారుతున్నాయి. వాళ్ళకి నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టుంది. ఆ ముగ్గురిలో చిన్నామె, ముప్ఫయ్యేళ్ళుంటాయేమో, అప్ప దగ్గరే వ్యాపారం నేర్చుకున్న మనిషి, "గార్డుబాబూ, అప్ప దిగబడిపోనాది," అంది.

ఆఫీసరుగారు నా వైపు తిరిగారు. "హాల్టులో ఉండిపోయిన ఆడమనిషి గురించేనా? ఆవిడ మీకేసి చెయ్యెత్తింది చూశాను. మీకు తెలిసినావిడా?"

ఆయన కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగారు. మా అక్క సార్, తలుపు నేనే తొందరపడి మూశాను అంటే ఏమయ్యేది? ఓ మాట అనేవారు. మహా అయితే ఓ కాగితం ఇచ్చేవారు. ఉరి తీసెయ్యరు కదా! పెట్టెలో జనం ముక్కులు మూసుకుని మమ్మల్నే చూస్తున్నారు. ఎవరో అబ్బా కంపు అన్నారు. ఆ ఒక్కమాటతో నేను మళ్ళీ హైస్కూల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

"తెలీదు సార్. ఎవరో చేపలమ్మే మనిషి," అన్నాను.

చిన్నామె నా మొహంలోకి చూసింది. మళ్ళీ తలొంచుకుని గంప ఎత్తుకుంది. ముగ్గురూ గంపలన్నీ దింపుకున్నారు. అప్పవి రెండూ కూడా వాళ్ళే మోసి, ప్లాట్‌ఫారం మీద పెట్టారు. నేను వెళ్ళి మీట నొక్కాను. ఈసారి ఎవరూ ఉండిపోలేదు.

తర్వాత నాకు తెలిసింది, పాతపట్నం వెళ్ళే దారి దొరక్క, ఎండలో గంపలు కాచుకుని కూర్చుని, సగానికి సగం పారేసి సాయంత్రం బస్సుకి ఇళ్ళకి చేరారట. నేను తొమ్మిది రోజులు అప్ప ఇంటి ఛాయలకి వెళ్ళలేదు. పదో రోజు వెళ్ళేసరికి అన్నం వార్చుకుంటోంది.

"తిన్నావేటి?" అంది.

ఆ పలకరింపుకి నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టొచ్చు కదా! "తలుపులకి నేనేటి సేస్తాను? అరనిమిషం కంటె ఆపకూడదు. రూల్సు నేను రాసానా? మీరు ముందెక్కాలి, బుద్ధుండక్కర్లేదా?" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను.

"నేనేటన్నాన్రా ఇప్పుడు?" అని కంచం నా ముందు పెట్టింది. నేను తిన్నాను. సిగ్గు లేకుండా మారడిగి మరీ తిన్నాను.

ఆ తర్వాత చేపలావిడలెవరూ బండెక్కలేదు. మిగతావాళ్ళు ఆటోలు మాట్లాడుకున్నారు. అప్ప మోకాళ్ళకి ఆటోలో గంపల మధ్య మడుచుకుని కూర్చోడం చేతకాలేదు. పాతపట్నం వీధులు ఆవిడకి అక్కడితో సరి. రొయ్యలు వలిచే షెడ్డులో పనికి కుదిరింది. రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి నిలబడే పని. నలభయ్యేళ్ళు వీధుల్లో కేకేసిన మనిషి, అక్కడ పక్కవాళ్ళతో మాట్లాడితే మేస్త్రీ కసురుతాడని నోరు మూసుకుని వలిచేది. పని మానెయ్యి, నా దగ్గరుండు అంటే, "నీ క్వార్టర్సులో నాకు గాలాడదురా," అనేది.

షెడ్డులో చేరిన ఏడాదికి కాళ్ళకి నీరు దిగింది. మా తీరపు ఊళ్ళవాళ్ళకి ఆ నీరు దేనికి గుర్తో చెప్పక్కర్లేదు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు టెక్కలి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆటో కుదుపులకి తట్టుకోలేదు. కుదుపు లేకుండా టెక్కలి తీసుకెళ్ళేది ఒక్కటే ఉంది. మా కొత్త బండి.

నాకు సెలవున్న రోజు నేనే తీసుకెళ్ళాను. హాల్టులో తలుపు తెరుచుకోగానే జబ్బ పట్టుకుని ముందు ఆవిణ్ణి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు నిండా కప్పుకుని ఒదిగి కూర్చుంది. సీటు నిమిరి చూసింది. "సల్లగా, బాగున్నాదిరా నీ బండి," అంది. తర్వాత మెల్లిగా తన అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "నిమ్మకాయ పెట్టి తోముకున్నాను. ఇంకా వాసనొస్తన్నాదేటి, సూడు," అంది.

రావట్లేదన్నాను. మందుల వాసన తప్ప ఏమీ రావట్లేదు. కళ్ళనీళ్ళు ఆగక అటు తిరిగాను.

బండి ఉప్పు మడులు దాటాక అడిగింది. "ఒరే, ఆ దినం ఆ పెద్దబాబు నిన్నేటడిగాడు?"

"ఏ దినం?" అన్నాను, తెలిసీ.

"నేను దిగబడిపోయిన దినం."

"గంపలెవరివని అడిగాడు."

"నువ్వేటన్నావు?"

"తెలీదన్నాను."

"గంపల గురించేనా? నా గురించి అడగలేదు కదా?"

నా మొహంలోకే చూస్తోంది. చూపులో అనుమానం లేదు. ఎప్పుడో తేల్చేసుకున్న సంగతిని నా నోట ఓసారి వినాలని ఉంది, అంతే.

"లేదప్పా. గంపల గురించే," అన్నాను.

"అదే నేనూ అన్నాను!" అంది. మొహం విప్పారింది. "ఆ సిన్నది ఆ సాయంత్రం వచ్చి, నీ తమ్ముడు నిన్నే తెలీదన్నాడని కూసింది. దాంతో దెబ్బలాడీసాను. మా తమ్ముడు నన్ను తెలీదంటాడేటే, నీ సెవులకేటయినాది, ఇంక నా గుమ్మం తొక్కకు అన్నాను. ఈ దినానికీ దాంతో మాటల్లేవు."

నేను నోరు తెరిచాను. వచ్చిన మాట, "టెక్కలి వచ్చీసింది, లెగు," అని. ఆ తర్వాత కూడా చెప్పడానికి ఎన్నో ప్రయాణాలు దొరికాయి. ఒక్కసారీ చెప్పలేదు.

అప్ప వానాకాలంలో పోయింది. ఊరు ఊరంతా వచ్చింది. చిన్నామె కూడా వచ్చింది. అందరూ లోపలికి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టుకుని వెళ్తుంటే, ఆమె మాత్రం వీధిలోనే వానలో నిలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేనే వెళ్ళాను. "లోపలికి రామ్మా, ఆఖరిసారి చూసుకో," అన్నాను.

ఆమె గుమ్మం కేసి చూసింది గానీ అడుగు ముందుకెయ్యలేదు.

"వద్దు బాబూ. అప్పకి నేనంటే కోపం," అంది.